అప్ప బియ్యం డబ్బాలో నా మోడెమ్

నా నవల నాలుగో అధ్యాయం దగ్గర రెండేళ్ళు ఆగిపోయింది. ఆగిపోయిందనడం కూడా అబద్ధమే, నేనే ఆపాను. ఆ రెండేళ్ళూ రాయకుండా కూర్చున్నానా అంటే అదీ లేదు. ఇంటర్నెట్‌లో తెలుగు సాహిత్యం గురించి కొట్టుకునే ఒక గుంపులో చేరి రోజుకు మూడేసి నాలుగేసి జవాబులు రాశాను. ఎవరి కథలో కూలీలు పంతుళ్ళలా మాట్లాడారో, ఎవరు ఫ్యాను కింద కూర్చుని పేదరికాన్ని ఊహించారో వెతికి వెతికి పట్టుకునేదాన్ని. ఆంధ్రా నుంచి వచ్చి హౌరా వీధులు ఊడ్చిన మనవాళ్ళ మీద నవల రాస్తున్నానని అక్కడ నేనే చాటుకున్నాను. "మీరే రాయాలండీ" అని అందరూ మెచ్చుకున్నారు. రాయని నవలకు వచ్చే మెప్పు ఎంత తియ్యగా ఉంటుందో నన్నడగండి.

మా ఆయన రైల్వేలో పనిచేసేవారు. హౌరా పక్కన సంత్రాగాఛి క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. ఒకరోజు భోజనాల దగ్గర ఆయన తాపీగా అన్నారు, "నీ నవల్లో ఉన్న మనుషులకన్నా నీ కంప్యూటర్లో ఉన్న శత్రువులు ఎక్కువైపోయారే."

ఇంకెవరైనా అని ఉంటే గంటసేపు వాదించేదాన్ని. ఆయనతో వాదనలు చాలా ఏళ్ళ క్రితమే అయిపోయాయి. లేచి వెళ్ళి మోడెమ్ పీకేశాను. కానీ అది ఇంట్లో ఉంటే నా చెయ్యి ఊరుకోదు. దాన్ని గుడ్డలో చుట్టి, సాయంత్రం అప్ప రాగానే ఆమె చేతిలో పెట్టాను.

అప్ప అంటే నా తోబుట్టువు కాదు. క్వార్టర్స్ వెనక సందులో కొడుకు దగ్గర ఉండే పెద్దావిడ. శ్రీకాకుళం వైపు నుంచి పెళ్ళయిన ఏడాదికే వచ్చి, మునిసిపాలిటీలో వీధులు ఊడ్చి రిటైరైంది. ఇంట్లో కొడుకూ కోడలూ మనవలూ బెంగాలీయే మాట్లాడతారు, చదివేదీ బెంగాలీయే. తెలుగు అక్షరం ఆ ఇంట్లో ఎవరికీ రాదు. తెలుగు మాట్లాడుకోవడానికి ఆమె నాలుగింటికి మా వరండాలోకి వచ్చేది. నేను టీ ఇచ్చేదాన్ని. నా నవలకు కావలసిన సరుకంతా ఆమె నోట్లోంచి వచ్చిందే. నేను ఆమెను అప్పా అనేదాన్ని. నాకన్నా పదిహేనేళ్ళు పెద్దదై ఉండి ఆమె నన్ను అమ్మా అనేది. అలా అనొద్దని నేనెప్పుడూ చెప్పలేదు.

"ఇదేటమ్మా, రేడియోవా?"

"కాదప్పా. ఇది ఇంట్లో ఉంటే నేను రాయలేను. నీ దగ్గర దాచు. నేనొచ్చి కాళ్ళు పట్టుకున్నా ఇవ్వకు."

"కాళ్ళు పట్టుకుంటావేటి నువ్వు! దెబ్బలాడతావు గానీ." నవ్వింది. "బియ్యం డబ్బాలో దాస్తాను. మరి నాకేటిస్తావు?"

"ఏం కావాలి?"

"ఏ రోజు రాసింది ఆ రోజు సదివి ఇనిపించు. మా మావ పేజీ వొచ్చీదాకా ఇంటాను."

మావ అంటే ఆమె భర్త. ఆయన కూడా అదే పని చేసి పోయాడు. ఆయన చివరిరోజు సంగతి ఆమె నాకు ఎప్పుడో చెప్పింది. నవల్లో పెడతానని మాటిచ్చాను. "ఊల్లో ఆడు ఎవులికీ గుర్తు నేడు. ఈ ఊరోల్లకి ఆడెవుడో తెలీదు. నీ బుక్కులోనైనా ఉండాల," అంది.

ఆరు రోజులు నిజంగానే రాశాను. నాలుగింటికి నోటుపుస్తకం తెరిచి చదివేదాన్ని. ఆమె మెట్టు మీద కూర్చుని, కళ్ళు మూసుకుని వినేది. మధ్యలో ఆపేది.

"సీపురు అలాగ పట్టుకోరమ్మా. ఒంగొంగి ఊడిస్తే సంజేలకి నడుం ఇరిగిపోద్ది. దానికి పొడుగు కర్ర కట్టుకుంటాం."

"ఇది నవల అప్పా. కొంచెం అటూ ఇటూ ఉంటుంది."

"నవలైతే మటుకు నడుం నొప్పెట్టదేటి?"

పది నిమిషాలు వాదించాను. తర్వాత, ఆమె చూడకుండా, దిద్దుకున్నాను.

ఏడో రోజు కూరలకని బయల్దేరి, స్టేషన్ దగ్గర సైబర్ కెఫేలో తేలాను. ఒక్క ఐదు నిమిషాలు అనుకున్నాను. నేను లేని వారంలో ఒకతను నామీద ఇంత పొడుగున రాసిపెట్టాడు. ఊరుకుంటానా? ఆ రోజు నుంచి కూరల సంచీ పట్టుకుని రోజూ అక్కడికే. నాలుగింటికి అప్ప వచ్చేసరికి చదవడానికి ఏమీ ఉండేది కాదు. మొదటిరోజు పాత పేజీయే మళ్ళీ చదివాను. "ఇది బేస్తోరం సదివినావు గదా," అంది వెంటనే. మర్నాటి నుంచి ఖాళీ పేజీ ముందు పెట్టుకుని, నోటికి వచ్చింది చదువుతున్నట్టు చెప్పడం మొదలుపెట్టాను. ఆమెకు చదువు రాదు. అంత తేలిక అది.

తర్వాతి వారంలో ఒక బంద్ వచ్చింది. ఎర్రజెండాల వాళ్ళు పిలిచినదో, వాళ్ళకు ఎదురు పిలిచినవాళ్ళదో గుర్తులేదు. కెఫే షట్టర్ సగం దించి ఉంది. వంగి దూరి మరీ వెళ్ళాను. షాపతను "దీదీ, తాడాతాడి" అని తొందరపెడుతుంటే, ఇంట్లో తీరిగ్గా జవాబు రాసుకుందామని గుంపులో అతనికీ నాకూ నడిచిన తగువును ఒక కాగితం మీద ప్రింటు తీయించుకున్నాను. ఇంటికొచ్చేసరికి అప్ప మెట్టు మీద కూర్చుని ఉంది. చూపు నా చేతిలోని కాగితం మీదే ఉంది.

"అచ్చేయించీసినావేటమ్మా!"

"ఊఁ," అన్నాను.

"మా మావ పేజీయేనా?"

కాదనడానికి ఎంతసేపు పడుతుంది? కానీ ఆమె అప్పటికే చెంగుతో మొహం తుడుచుకుని, సర్దుకుని కూర్చుంది. అవునన్నాను.

ఆ కాగితం కళ్ళ ముందు పెట్టుకుని మొదలుపెట్టాను. హౌరా స్టేషన్, ప్లాట్‌ఫారం, ఊరెళ్ళే బండి కోసం రేకుపెట్టె మీద కూర్చున్న మనిషి, టీ తెమ్మని భార్యను పంపడం, ఆమె రెండు మట్టికప్పులతో రావడం. అంతవరకే నాకు గుర్తుంది. ఆమె ఈ సంగతి చెప్పిన రోజున నేను కంప్యూటర్ ముందు కూర్చుని, ఎవరికో జవాబు టైపు చేస్తూ, మధ్యమధ్య ఊఁ కొట్టాను. కాబట్టి మిగతాది అల్లేశాను. ఇద్దరూ టీ తాగారు. బండి వచ్చింది. ఆయనకు కిటికీ పక్కన చోటు దొరికింది. తెల్లవారుతుంటే చిల్కా సరస్సు నీళ్ళు కనబడ్డాయి. "లే, ఊరొచ్చీస్తంది," అని భార్యను తట్టి లేపాడు.

తలెత్తి చూస్తే అప్ప ఏడుస్తోంది.

"మార్చీసినావమ్మా," అంది. దొరికిపోయాననుకున్నాను. "బండింకా రానేదు గదా ఆ రోజు. నాను టీ తెచ్చీసరికి పెట్టి మీద కూకున్నోడు కూకున్నట్టే పోనాడు. రెండు కప్పులూ సేతుల్లో పట్టుకుని అలాగే నిలబడిపోనాను. ఎవులేనా అందుకుంటే గానీ కింద పెట్టలేకపోనాను." ముక్కు చీదుకుంది. "నీకంతా తెలుసు. తెలిసే, నా కోసమని ఎక్కించినావు. నీ బుక్కులోనైనా బండెక్కీసినాడు."

లేదు అప్పా, నేను మర్చిపోయాను అనాలి. ఆ మాట కోసం నోరు తెరిచాను కూడా. తెరిచి, తల ఊపాను.

వెళ్ళేముందు ఆమె చెయ్యి చాపింది. "ఆ కాయితం ఇవ్వు. ఆడి ఫొటో ఎనకాల ఎట్టుకుంటాను."

ఇచ్చాను. ఇంకోటి తీయించి ఇస్తానని ఒక్క మాట అంటే సరిపోయేది. ఊళ్ళో అందరికీ మాటకు మాట అప్పజెప్పే నోరు నాది. ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి రొంటిని దోపుకుని వెళ్ళిపోయింది. ఆ కాగితంలో ఏముందో నాకొక్కదానికే తెలుసు. 'ఎరగని బతుకులను ఎరిగినట్టు రాసేవాళ్ళకు సిగ్గుండాలి' అని నేను ఒకతన్ని తిట్టిన తిట్టు ఉంది. దానికి అతని జవాబు ఉంది. ఆ ఇంట్లో ఎవరూ దాన్ని ఎప్పటికీ చదవలేరు. ఎన్నటికీ దొరకను. ఆ సంగతి తలుచుకుంటేనే అన్నం సయించలేదు.

మూడు రోజులు కెఫే వైపు వెళ్ళలేదు. ఆ రోజు నోటితో చెప్పిందంతా గుర్తు చేసుకుంటూ చేత్తో ఒక కాగితం మీద రాశాను. పట్టుకుని అప్ప ఇంటికి వెళ్ళాను. ఎనిమిదేళ్ళ పరిచయంలో ఆ గడప తొక్కడం అదే మొదటిసారి. ఆమె కంగారుపడి, ఉన్న ఒక్క కుర్చీనీ కొంగుతో తుడిచింది. గోడ మీద ఫొటో. ఫ్రేము వెనక నుంచి కాగితం అంచు తెల్లగా కనబడుతోంది.

"అప్పా, అది తీసేసి ఇది పెట్టు."

"అచ్చుది ఉండగా సేతిరాతెందుకమ్మా?"

"అందులో మావ లేడు."

అర్థం కాక నవ్వింది. అప్పుడు చెప్పాను. ఖాళీ పేజీల సంగతి, కెఫే సంగతి, ఆ కాగితం ఏమిటో, చివరికి బండి ఎందుకు ఎక్కించానో కూడా. చెబుతూ చెబుతూ మధ్యలో నన్ను నేను సమర్థించుకోబోయాను. అలవాటు. ఆమె అడ్డం రాలేదు. వాదించడానికి ఎదుట మనిషి లేకపోతే నాకు మాటలే ఉండవని అప్పుడు తెలిసింది.

ఆమె ఫొటో దించింది. వెనక మేకులు వేలితో వంచి, మడత కాగితం తీసి నాకిచ్చింది. నా చేతిలోది తీసుకుంది.

"సదువు."

చదివాను. చిల్కా దాకా వచ్చాక ఆపింది. "తట్టి లేపినాడు అన్నావు గదా ఆ రోజు. అది పోయింది."

నిజమే, మర్చిపోయాను. ఆమెకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. అక్కడే కూర్చుని చేర్చాను.

"బండెక్కినాడని ఎక్కడుంది ఇందుల?"

చూపించాను. ఆ మాట మీద వేలు పెట్టి కాసేపు అలాగే చూసింది. తర్వాత నా మొహం చూసింది. "నిజంగా అదేనా?"

"అదే అప్పా."

"నీ మాటే. ఇంకెవులున్నారు సదవడానికి?"

లోపలికి వెళ్ళింది. డబ్బా మూత చప్పుడైంది. గుడ్డ మూట తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. విప్పితే మోడెమ్ సందుల్లో బియ్యం గింజలు.

"ఇంకా నవల అవలేదప్పా. నీ దగ్గరే ఉంచు."

"వొద్దమ్మా," అంది. ఫ్రేము మేకులు ఒక్కొక్కటే మళ్ళీ నొక్కుతోంది. "నాను ఇనాల్సింది ఇనీసినాను. నీది నువ్వే కాసుకో."