కలిపిన రెండేళ్లు

చల్లపల్లి దగ్గర ఒక ఊళ్లో రెబెకా అంగన్‌వాడీ ఆయా. పేరుకే ఆయా. పొద్దున్నే గుడ్లు ఉడకబెట్టేదీ, పిల్లల బరువులు తూచి రాసేదీ, రానివాళ్లని ఇంటికెళ్లి చంకనేసుకొచ్చేదీ ఆమే. కింద సంతకం టీచర్ లీలావతి గారిది. జీతం కూడా ఆవిడదే ఎక్కువ. అందులో ఆవిడ తప్పేం లేదు, పదో తరగతి పాసయ్యారు.

రెబెకా పదిలో ఉండగా సుధీర్‌తో మాట్లాడుతోందని ఊరు గుసగుసలాడింది. తండ్రి రత్నరాజు పరువు పోతుందని ఆ అబ్బాయితోనే పెళ్లికి తొందరపడ్డాడు. పిల్లకి పదహారు. పద్దెనిమిది నిండితేగానీ చర్చిలో పెళ్లి ప్రకటన చదవరు. ఆయన సంఘ పెద్ద కదా, చర్చి పుస్తకంలో వయసుకి రెండేళ్లు కలిపి రాయించాడు. "ప్రభువుకి తెలుసులే అమ్మా" అన్నాడు. పరీక్షల నాటికి రెబెకాకి ఏడో నెల. హాల్ టికెట్ బీరువాలోనే ఉండిపోయింది. తర్వాత ఆ చర్చి పుస్తకం చూసి రేషన్ కార్డు ఇచ్చారు, ఆ కార్డు చూసి ఆధార్ ఇచ్చారు.

కూతురు ప్రేమ పది చదువుతుంటే తల్లి కూడా పక్కన కూర్చుంది. లెక్కల్లో రెండుసార్లు తప్పింది. మూడోసారి ఓపెన్ స్కూల్లో గట్టెక్కింది. సరిగ్గా అప్పుడే లీలావతి గారు రిటైరయ్యారు. ముప్పై అయిదు దాటకుండా ఉంటే చాలు, ఆ పోస్టుకి అర్హత ఉన్నట్టే. రెబెకాకి ముప్పై నాలుగు. ఎంత సంబరపడిందో!

దరఖాస్తు పట్టుకెళితే మచిలీపట్నం ఆఫీసులో గుమస్తా కాగితాలు తిరగేశాడు.

"నీకు ముప్పయ్యారమ్మా. ఆధార్ చూసి ఇచ్చిన పది సర్టిఫికెట్లోనూ అదే ఉంది."

"ఆ రెండేళ్లు నేను కలిపించినవండీ," అన్నాడు వెంట వచ్చిన రత్నరాజు. "తీసెయ్యండి బాబూ, అమ్మాయి తప్పేం లేదు."

"అయితే పెళ్లి నాటికి అమ్మాయికి ఎన్నేళ్లండీ?"

రత్నరాజు కాగితాలు తీసుకుని సంచిలో పెట్టుకున్నాడు.

కొత్త టీచర్ శ్రీదుర్గకి ఇరవై నాలుగేళ్లు. బరువులు ఏ గడిలో రాయాలో రెబెకాయే చూపించింది. కోపం ఉంది, కానీ ఆ పిల్ల మీద కాదు.

ఆ ఆదివారం సుధీర్ అక్క ప్రేమకి సంబంధం తెచ్చింది. "ఎన్నేళ్లు మావయ్యా దీనికి? పద్దెనిమిది వచ్చేసినట్టేగా?" అని రత్నరాజుని అడిగింది. కూర తరుగుతున్న రెబెకా చెయ్యి ఆపి తండ్రి మొహంలోకి చూసింది.

"పదిహేడమ్మా," అన్నాడు రత్నరాజు. "పదిహేడే."