ఏటి చర్చి, కొండ చర్చి

రెండు ఊళ్లు కలిసిన ఆ పారిష్‌లో పాడుబడ్డ చర్చిలు రెండు. ఏటి ఒడ్డున ఒకటి, కొండ మీద ఒకటి. తాతల నాడు రెండు ఊళ్లనూ ఒకటి చేసినప్పుడు ఎవరి చర్చి ఉంచాలో తెగక, పంతానికి పోయి రెండింటి కప్పులూ విప్పేసి, నడిమధ్య మూడోది కట్టుకున్నారు. ప్రార్థనకు కొత్తదానికి వెళ్లినా, పోయాక మాత్రం ఎవరి పాత గోడల మధ్యకు వాళ్లే చేరేవారు.

ఎల్‌స్పెత్ మిల్న్ అత్తింటివాళ్లది ఏటి చర్చి. ఆమె పాప ఈఫీ ఏడాదైనా నిండకుండా కోరింత దగ్గుతో పోయింది. ఆడవాళ్లు సమాధి దాకా వెళ్లకూడదని అక్కడి ఆచారం. పెట్టినవాడెవడో గానీ, వాడికి కడుపుకోత తెలియదు. ఏడ్చి ఏడ్చి మంచం పట్టిన ఎల్‌స్పెత్, భర్త ఆర్చీ ఆ చిన్న పెట్టెను చంకన పెట్టుకుని వానలో వెళ్లడం మాత్రం చూసింది. లేచి తిరగగలిగిన రోజునే పూలు పట్టుకుని ఏటి చర్చికి వెళ్లి, అత్తమామల సమాధి రాయి పక్కన కూలబడింది.

ఆనాటి నుంచి ప్రతి ఆదివారమూ అక్కడే. మంచుపూల దుంపలు నాటేది. ఇప్పుడు పళ్లూడే వయసు, ఇప్పుడు బడి, ఇప్పుడు పెళ్లీడు అనుకుంటూ ముప్పై ఏళ్లు పాపతో కబుర్లు చెప్పింది. ఆర్చీ ఏనాడూ గేటు దాటి లోపలికి రాలేదు. టోపీ నలుపుకుంటూ బయటే నిలబడేవాడు. రాతిగుండె మనిషని ఊరు ఊరంతా ఆడిపోసుకుంది. ఆమె కూడా అలాగే అనుకుంది.

ఆర్చీ పోయాడు. సమాధులు తవ్వే వాటీ ఇంటికి వచ్చాడు.

"పాప పెట్టెకి పార తగలనీకు వాటీ," అంది ఎల్‌స్పెత్.

వాటీ కుర్చీలో చతికిలబడ్డాడు. "పాప అక్కడ లేదక్కా."

"పొద్దున్నే తాగొచ్చావేంట్రా?"

"ఒట్టు. ఆ రోజు ఏరు పొంగి కింద నడుంలోతు నీళ్లు. నేనూ బావా పాపని కొండ చర్చిలో పెట్టాం. 'మీ అక్క కోలుకున్నాక నేనే చెప్తాను, నువ్వు నోరెత్తకు' అన్నాడు బావ. నువ్వేమో లేస్తూనే పూలు పట్టుకుని కిందికెళ్లిపోయావు. ఇంకేం చెప్తాడు? రేపు రేపంటూ ఇన్నేళ్లూ లోపల్లోపలే కుమిలి చచ్చాడు."

ఎల్‌స్పెత్ వాణ్ణి తిట్టలేదు. శాలువా కప్పుకుని, వాణ్ణి వెంటబెట్టుకుని కొండెక్కింది. అక్కడి చర్చి ఉత్తరపు గోడ ఎప్పుడో కూలిపోయింది. ఎటు చూసినా రాళ్లూ, దురదగొండీ.

"ఈ గోడవారే ఎక్కడో... చోటు సరిగ్గా గుర్తు లేదక్కా," అన్నాడు వాటీ, ముఖం తిప్పుకుని.

ఆమె రాళ్ల మధ్య కూర్చుంది. చెప్పాల్సినవన్నీ ఏటి ఒడ్డున, పాప లేని మట్టికి చెప్పేసింది. ఇక్కడున్న పిల్ల ఇన్నేళ్లలో తల్లి గొంతు ఒక్కసారైనా వినలేదు.

"ఈఫీ," అంది చివరికి, కొత్తవాళ్లతో మాట్లాడినట్టు బెరుగ్గా. "నేనే తల్లీ, మీ అమ్మని."