పెద్దాయన పన్ను మీద నా గీత

ఆ రోజుల్లో నాకు నవ్వడం వచ్చుగానీ, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వడం రాదు. మా ఊరి బోరునీళ్లు తాగి పెరిగిన అందరికీ ఉన్నట్టే నా ముందుపళ్ల మీదా గోధుమరంగు గీతలుండేవి. (బొగ్గు, ఉప్పు, నిమ్మచెక్క అన్నీ రుద్ది చూశాను. చిగుళ్లు మండాయి తప్ప గీతలు కదల్లేదు.) అలాంటి నాకు కర్నూల్లో ఒక పళ్ల ఆసుపత్రి మేడమీద, కట్టుడుపళ్లు చేసే గదిలో ఉద్యోగం దొరికింది. కట్టుడుపళ్లకు వాడే జిర్కోనియా మాకు అప్పుడే కొత్త. సుద్దలా ఉండే బిళ్లను మిషను పన్నులా చెక్కేది, కొలిమిలో కాలిస్తే అది రాయిలా గట్టిపడేది. ఆపైన సన్నని కుంచెతో రంగులద్ది అసలు పన్నులా కనిపించేట్టు చేయడం నా పని.

చేరిన నెలకే ఆత్మకూరు దగ్గరి పల్లె నుంచి ఒక చర్చి సంఘపెద్ద వచ్చాడు. డోన్‌లో వియ్యంకుడి ఇంట్లో నల్లి ఎముక కొరికి ముందుపన్ను విరగ్గొట్టుకుని, ఆ ముక్కను పులుసుతో పాటు గుట్టుగా మింగేసి, మూతికి తువ్వాలు చుట్టుకుని నేరుగా మా ఆసుపత్రికే వచ్చేశాడు. "పోయిన ఆదివారమే తిండిపోతుల మీద గంటసేపు చెప్పినానమ్మా. మళ్లా ఈ ఆదివారం వాక్యం చదవాల. ఇది కట్టుడుపన్నని తెలిస్తే ఇంగ నా మాట ఎవురూ వినరు" అని మా డాక్టరమ్మకు మొరపెట్టుకున్నాడు. ఆయనవీ నా వాటిలాంటి గీతల పళ్లే. ఆమె కొలత తీసి, "పక్కపళ్లలాగే, గీతలతో సహా" అని నాకు చీటీ రాసి పంపింది.

గీతలతో సహా చేయడానికి నాకు మనసొప్పలేదు. జీవితమంతా నేను కోరుకున్న పన్ను ఆయనకైనా దక్కనీ అనుకుని, చీటీ పక్కనపెట్టి, మల్లెమొగ్గలాంటి పన్ను చేశాను. శుక్రవారం డాక్టరమ్మ దాన్ని ఆయనకు పెట్టి చూస్తుంటే, మెచ్చుకుంటారని నేనే కిందికి దిగి నిలబడ్డాను.

పెద్దాయన అద్దంలో మొహం అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "ఏమప్పా, ఇది ఎవురి పన్ను? శానా తెల్లగుండాది. నేను నోరు తెరిస్తే సంఘమంతా దీన్నే చూస్తాది గదా" అన్నాడు. డాక్టరమ్మ నా వైపు చూసిన చూపుకు ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను. అలవాటుగా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "మార్చి ఇస్తాను సార్" అని గొణిగాను.

"ఏమిటికప్పా నోరు మూసుకోని మాట్లాడతాండావు? చెయ్యి తియ్యి." తీశాను. ఆయన దగ్గరికొచ్చి, గడ్డం పట్టుకుని, బేరమాడే ముందు ఎద్దు పళ్లు చూసినట్టు చూశాడు. ఆయన ముఖం విప్పారింది. "ఇంత బంగారట్లాంటి పళ్లు ఈడ పెట్టుకోని, నాకు ఆ తెల్లది ఏమిటికి చేసినావు? నీయి చూసుకోని నాది చెయ్యి."

ఆ సాయంత్రం మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాను. శనివారం కొలిమిలోంచి పన్ను తీశాక, ఎదురుగా అద్దం పెట్టుకుని, పెదవి పైకెత్తి, ఇన్నేళ్లుగా దాచుకున్న గీతలను ఒక్కొక్కటే కుంచెతో దానిమీదికి దించాను. నా పళ్లను నేను అంతసేపు చూసుకోవడం అదే మొదలు. ఆ సాయంత్రమే డాక్టరమ్మ దాన్ని ఆయనకు బిగించింది.

ఆయన రమ్మంటే ఆదివారం నేనూ వాళ్ల ఊరికి వెళ్లి చర్చిలో వెనక వరుసలో కూర్చున్నాను. పెద్దాయన నోరారా చదివాడు. ఎవరూ కనిపెట్టలేదు. భోజనాల దగ్గర ఆయన భార్య ఆయన విస్తట్లో నల్లి ఎముక వేసింది. ఆయన నా వైపు ఒక్క చూపు చూసి, దాన్ని భక్తిగా నా విస్తట్లోకి మార్చాడు. నేను పకపకా నవ్వాను. చెయ్యి అడ్డం పెట్టుకోలేదని బస్సెక్కాక గుర్తొచ్చింది.

మొన్నామధ్య నా ముందుపన్నే విరిగింది. నా పన్ను నేనే చేసుకోవాలి, ఏ రంగు వేసుకున్నా అడిగేవాళ్లు లేరు. తెల్లరంగు సీసా మూత తీసి కాసేపు చూస్తూ కూర్చున్నాను. బొగ్గుతో చిగుళ్లు రుద్దుకున్న ఆ పిల్లవాడికి ఇది దొరికుంటే ఎగిరి గంతేసేవాడు, పాపం. మూత పెట్టేసి, గోధుమరంగులో కుంచె ముంచాను.