మా నాయన ఊడ్చిన సముద్రం

రాత్రి వానకు తడిసిన దండెం తీగ మళ్లీ నా చీరకు అడ్డంగా తుప్పు గీత గీసింది. ఆ తుప్పు కంపు ముక్కుకు తగిలితే చాలు, మైపాడులో మా ఇల్లు, ముందురోజు మామిడికాయ వేసి కాచిన చేపల పులుసు, దాన్ని సద్దన్నంలో కలుపుకుంటూ ఓడ కథ ఎత్తుకునే మా నాయన, "మళ్లీ మొదలుపెట్టినాడు" అని గోడకు చెప్పుకునే మా అమ్మ, అందరూ వరసగా వచ్చి కూర్చుంటారు.

పెళ్లికి ముందు నాయన నౌకాదళంలో ఒక చిన్న ఓడ మీద పనిచేసినాడు. శత్రువులు సముద్రంలో పెట్టే మందుపాతరలను ఊడ్చే ఓడ. వెనకాల పొడవాటి ఇనుప తీగ ఈడ్చుకుంటూ పోతే, వాటిని అడుగున కట్టేసిన గొలుసులు తెగి అవి పైకి తేలతాయంట. ఇనుము దగ్గరికొస్తే పేలే రకం కూడా ఉంటాయని ఓడను చెక్కతో కట్టినారంట. ఇంత సంబరం చేసి, ఆయన ఎక్కిన రెండేళ్లకే ముసలిదైపోయిందని విరగ్గొట్టేసినారు. ఆ రెండేళ్లలో దొరికిన మందుపాతర ఒక్కటీ లేదు. ఆయనకు మిగిలింది, ఇప్పుడు నేను దండెంగా కట్టుకున్న ఈ తీగ ముక్క.

"నీ ఓడ ఏం ఊడ్చింది బావా, నురగా?" అని అమ్మ తమ్ముడు శీనయ్య మామ రోజూ ఎగతాళి.

నాకు పన్నెండేళ్లప్పుడు ఆ మాట పడలేక నాయన, రేవుకెదురుగా నీళ్లడుగున ఉండి ఏళ్లతరబడి వలలు చించుతున్న మొద్దును లాగేస్తానని, రెండు పడవల మధ్య తీగ కట్టి పొద్దున్నే బయల్దేరినాడు. తెల్లారకముందే ఊరోళ్లు లంగరేసి కట్టిన వలలు అక్కడే ఉన్నాయని మహానుభావుడికి గుర్తే లేదు. తిరిగొచ్చేసరికి తీగకు మొద్దు లేదు, ఊరి వలలన్నీ చిక్కుపడిన జుట్టులా వేలాడుతున్నాయి.

"ఈసారి దొరికింది బావా!" అని పగలబడి నవ్విన మామ, అందులో తన వల కూడా కనబడేసరికి ఇసకలో కూలబడినాడు.

వలలన్నీ బాగయ్యేదాకా నాయన సముద్రం మీదికి పోకూడదని ఊరి పెద్ద తీర్పు. చేపల వేట లేకపోతే మా పొయ్యి వెలగదు. నాయన వేసే ముడి చెయ్యి తియ్యగానే ఊడిపోయేది. చేసేదేముంది, ఏడో తరగతి పుస్తకం మూసి నేను వల ముందు కూర్చున్నాను, మళ్లీ తెరవలేదు. పక్కన కూర్చుని ఆయన చేసిన సాయం, ఓడ కథ మొదట్నించీ చెప్పడం.

తర్వాత చాలా ఏళ్లు ఊరి వలలకు చిరుగులు కుట్టింది నేనే. పీతలు కొరికినవి, రాయి కోసినవి, అన్నీ నా చేతికే వచ్చేవి. ఆ మొద్దు పెట్టే పొడుగు చిరుగు మాత్రం మళ్లీ రాలేదు. తీగ తగిలి అది ఎటో దొర్లిపోయినట్టుంది. ఊడ్చినాడు మా నాయన! చెబితే కథ ఇంకో పూట పెరుగుతుందని నోరు మూసుకున్నాను.

ఇప్పుడు వల చిరిగితే పారేసి కొత్తది కొంటున్నారు. మామ లేడు, నాయనా లేడు. చెప్పాల్సిన ఆ ఒక్క మాట నా దగ్గరే తుప్పు పడతా ఉంది. తిట్టుకుంటూ రెండో చీర కూడా ఈ తీగ మీదే ఆరేసినాను.