ముక్కు మేస్త్రీగారి పెట్రోలు మూత

ఆ వీధిలో మోటారుసైకిళ్ళు బాగుచేసేవాళ్ళు ఇద్దరే ఇద్దరు. ఒకాయన ముక్కు మేస్త్రీ. రెండోవాడు ఆయన బామ్మర్ది, సరిగ్గా ఎదురు షెడ్డు.

మేస్త్రీకి ఆ పేరు ముక్కు పొడుగ్గా ఉండడం వల్ల వచ్చింది కాదు, ఆ ముక్కుతో ఆయన చేసే పని వల్ల వచ్చింది. ఏ బండి వచ్చినా, దాని జబ్బు బ్రేకుల్లో ఉన్నా, హారన్‌లో ఉన్నా, ఆయన ముందు పెట్రోలు ట్యాంకు మూత తీస్తాడు. దాన్ని సీటు మీద బోర్లించి, కళ్ళు మూసుకుని, ట్యాంకు మీదికి వంగి ఒక్క దీర్ఘశ్వాస పీలుస్తాడు. ఆ సమయంలో బండి యజమాని మాట్లాడకూడదు, దగ్గకూడదు. సిగరెట్టు సంగతి వేరే చెప్పాలా? ఆ తర్వాత మేస్త్రీ కళ్ళు తెరిచి "ఊఁ" అంటాడు. ఆ "ఊఁ"లో ఏముందో ఇంతవరకు ఎవరికీ తెలియదు. అయినా అది వినందే బండి అప్పజెప్పి వెళ్ళడానికి జనానికి మనసొప్పదు.

"హారన్ మోగట్లేదని వచ్చాడు బావా అతను. పెట్రోలు వాసనెందుకు?" అని బామ్మర్ది ఇక్కడే పని నేర్చుకుంటున్న రోజుల్లో ఒకసారి అడిగాడు.

"ఒరే, కాలు విరిగి వెళ్ళినా డాక్టరు నాలుక చాపమంటాడా, అనడా?"

ఈ జవాబు నచ్చకపోవడం వల్లనో, మరే కారణం చేతనో, పని వంటబట్టగానే బామ్మర్ది రోడ్డు దాటాడు. అతని షెడ్డులో వాసనా లేదు, గీసనా లేదు. విప్పడం, తుడవడం, బిగించడం, అంతే. బావా బామ్మర్దుల మధ్య మాటలున్నాయి, టీలున్నాయి, పైకి చెప్పుకోని పోటీ కూడా ఉంది.

మేస్త్రీ భార్య దర్జీ పని చేస్తుంది. ఇంటి ముందుగదిలో కిటికీ పక్కన కుట్టుమిషను, దాని కింద ఎప్పుడూ దారపు ముక్కల తివాచీ. ఆస్పత్రివాళ్ళ తెల్లకోట్లన్నీ ఆవిడే కుడుతుంది. కుట్టినవి మూటకట్టి, మోటారుసైకిలు ట్యాంకు మీద పెట్టుకుని, తనే నడుపుకుంటూ వెళ్ళి ఇచ్చి వస్తుంది. ఆవిడ బండి నడిపే తీరుకి వంక పెట్టడం ఎవరి తరమూ కాదు. మేస్త్రీ పెట్టాడు. అక్కడే వచ్చింది చిక్కు.

అసలు సంగతి ఒక మరకతో మొదలైంది. గతుకుల రోడ్డు మీద మూత సందులోంచి పెట్రోలు చింది, కొత్త కోటు మీద పసుపుపచ్చటి మరక పడింది. ఆవిడ రాద్ధాంతం చేయలేదు. ఆ కోటు తెచ్చి మేస్త్రీ అన్నం తినేచోట, కంటికి ఎదురుగా తగిలించి ఊరుకుంది. ఆయనకి ముద్ద దిగలేదు. చెయ్యి కడుక్కుని లేచి వెళ్ళి, పాత లారీ ట్యూబులోంచి గుండ్రటి రబ్బరు బిళ్ళ కత్తిరించి మూత లోపల అతికించాడు. "ఇక చుక్క కాదు కదా, వాసన కూడా బయటికి రాదు చూడు" అన్నాడు. భర్తలు ప్రేమను రకరకాలుగా ప్రకటిస్తారు. మేస్త్రీ లారీ ట్యూబుతో ప్రకటించాడు.

మరకలు ఆగిపోయాయి. బండి కూడా ఆగిపోవడం మొదలుపెట్టింది.

ఇంటిదగ్గర బుద్ధిగా బయల్దేరేది. కొంత దూరం పోయాక రెండుసార్లు దగ్గి, ఒకసారి ఎక్కిళ్ళు పెట్టి, నడిరోడ్డు మీద నిద్రపోయేది. ఆవిడ ఫోను చేసేది. మేస్త్రీ ఎవరి బండి వెనకో ఎక్కి వచ్చేవాడు. ట్యాంకు మూత తాళం ఆయన జేబులోనే ఉంటుంది. ఇంటి బండికి పెట్రోలు తనే పోయించాలని ఆయన పట్టుదల. మూత తీసేవాడు, పీల్చేవాడు, "ఊఁ" అనేవాడు, మూత పెట్టి కిక్కు కొట్టేవాడు. బండి ఒక్క దెబ్బకి లేచేది.

"ఏదీ? బాగానే ఉందిగా?"

"ఇందాకటిదాకా తోసినా కదల్లేదండీ."

"నీ చేతిలో కదల్లేదు."

అలాగని ఆయన వైద్యంలో లోటు చేయలేదు. షెడ్డులో యథావిధిగా మూత తీసి, వాసన చూసి, పైపు పీకితే పెట్రోలు కుళాయి తిప్పినట్టు ధారగా వచ్చింది. కార్బురేటర్ విప్పి, సన్న రంధ్రాలన్నీ గాలి కొట్టి శుభ్రం చేశాడు. ఫిల్టరు మార్చాడు, పైపూ మార్చాడు. షెడ్డులో పెట్టిన ప్రతి పరీక్షలోనూ బండి మొదటి తరగతిలో పాసైంది. రోడ్డు మీద మాత్రం తప్పుతూనే ఉంది. చివరికి ఒక సాయంత్రం, నలుగురు ఖాతాదారులు వింటుండగా ఆయన తీర్పు చెప్పాడు.

"లోపం బండిలో లేదు. నడిపేవాళ్ళలో ఉంది. క్లచ్ మీంచి చెయ్యి తీస్తే కదా!"

ఆవిడ పళ్ళతో దారం పుటుక్కున తెంపింది.

"రేపు కోట్లిచ్చి రావాలి. మీరే నడపండి, నేను వెనక కూర్చుంటా. దారిలో ఆగిందంటే మాత్రం తోయించి మా తమ్ముడి షెడ్డులో పెట్టిస్తాను. మీ షెడ్డు ముందునించే."

మేస్త్రీకి ఆ దృశ్యం కళ్ళకి కట్టింది. సొంత భార్య, సొంత బండి, ఎదురు షెడ్డు! ఆ తర్వాత తన ముక్కు ముఖం మీద ఉండీ ఏం లాభం?

మర్నాడు పొద్దున్నే బయల్దేరారు. ఆయన నడుపుతున్నాడు. ఆవిడ ఒళ్ళో మూట. క్లచ్ మీద ఆయన చెయ్యి పువ్వు మీద సీతాకోకచిలుకలా ఉంది. మిల్లు గోడ దాటారు. బండి దగ్గింది. ఎక్కిళ్ళు పెట్టింది. ఆగింది.

ఆవిడ మూట చంకన పెట్టుకుని దిగి, తమ్ముడి షెడ్డు ఉన్న దిక్కుకి ఒకసారి చూసింది. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

మేస్త్రీ చెయ్యి జేబులోకి పోయింది.

"ఆగండి. మూత తీయకండి."

"వాసన చూడకుండా ఎలాగే?"

"ఈ పూటకి ముక్కుకి సెలవివ్వండి. ముందు పైపు పీకండి."

పూజ్యులైన వైద్యులకి పక్కింటివాళ్ళు సలహా చెప్పినప్పుడు పెట్టే ముఖం పెట్టి, మేస్త్రీ వంగి పైపు పీకాడు. నాలుగు చుక్కలు రాలాయి. తర్వాత అవీ లేవు. బండి ఊపి చూస్తే లోపల పెట్రోలు గలగలమంటోంది. బయటికి మాత్రం రాదు!

"తాళం ఇటివ్వండి."

ఆవిడ మూత తిప్పింది. నీళ్ళలో మునిగి లేచినవాడు ఊపిరి పీల్చినట్టు ట్యాంకు ఉస్సుమంది. మరుక్షణం కింద పెట్రోలు ధారకట్టి మేస్త్రీ చెప్పుల మీద పడింది. ఆయన దాన్ని అలా చూస్తూ నిలబడ్డాడు.

"పెట్రోలు కట్టేయండి, కోట్లున్నాయి ఇక్కడ!" అని ఆవిడ అరిస్తే గానీ చెయ్యి కదల్లేదు. "నా మిషను నూనె డబ్బాకి రెండు చిల్లులు పొడుస్తాను. ఎందుకో ఎప్పుడైనా అడిగారా?"

"లేదు."

"ఒక్కటే పొడిస్తే నూనె దిగదు. లోపలికి గాలి పోవాలి కదా. మీరొచ్చి మూత తీయగానే ఇది లేచి కూర్చుంటుంటే నాకప్పుడే అనుమానమొచ్చింది. వాసనకోసం మీరు తీస్తున్నారు, అదే దీనికి మందైపోతోంది."

మేస్త్రీ మూత తిరగేశాడు. గాలి పోవలసిన సన్నటి చిల్లు మీద ఆయన రబ్బరు బిళ్ళ ఎంతో అందంగా, ముచ్చటగా అతుక్కుని ఉంది. జబ్బు వెతకడానికి తను మూత తీసినప్పుడల్లా జబ్బు లేచి పక్కకి తప్పుకుందన్నమాట.

"నడిపేవాళ్ళలో లోపమని..." అని ఆగాడు.

"అన్నారు."

"అన్నాను. తప్పే."

ఇంతలో అటుగా వెళ్తున్న బామ్మర్ది బండి ఆపాడు. "ఏమైందక్కా? మళ్ళీ ఆగిందా? తోసేద్దామా మన షెడ్డుకి?"

మేస్త్రీ మూతని గుప్పిట్లో దాచుకోబోయాడు. ఆవిడ మొగుడి వైపు చూసింది, ఆయన చేతిలోని మూత వైపు చూసింది.

"అక్కర్లేదురా. మూతలో గాలి చిల్లు మూసుకుపోయింది. మీ బావ వాసన చూసి పట్టేశారు."

"వాసన చూసా?"

"మరి ఆ పేరు ఊరికే వచ్చిందా?"

బామ్మర్ది బావ వైపు తేరిపార చూశాడు. మేస్త్రీ కళ్ళు మూసుకుని, "ఊఁ" అన్నాడు. జీవితంలో ఆయన అన్న "ఊఁ"లన్నిటిలోకీ అది బరువైనది.

ఆవిడ మూటలోంచి సూది తీసి, చిల్లుకి ఎదురుగా రబ్బరుని పొడిచింది. ఆ రోజునుంచి మూట వెనక సీటుకి మారింది. మూత తాళం ఆవిడ గుత్తికి మారింది. ఇంటి బండి వాసన చూడాలంటే మేస్త్రీ ఇప్పుడు చెయ్యి చాపి అడగాలి. దారిలో ఆగిపోయిన బండి ఏది వచ్చినా ముందు పైపు పీకుతాడు. మూత జోలికి తర్వాత వెళ్తాడు.

ఎదురు షెడ్డులో మాత్రం పద్ధతి మారిపోయింది. బామ్మర్ది ఏ బండి వచ్చినా ముందు మూత తీసి, సీటు మీద బోర్లించి, కళ్ళు మూసుకుని వంగుతున్నాడు. హారన్ మోగట్లేదని వచ్చినవాళ్ళు దగ్గు ఆపుకుని నిలబడుతున్నారు. అది చూసినప్పుడల్లా రోడ్డు దాటి వెళ్ళి, "ఒరే, అలా కాదురా" అని చెప్పాలని మేస్త్రీకి నాలుక దురద పుడుతుంది. కానీ చెప్పాలంటే మొదటినుంచీ చెప్పాలి. అందుకని పానా తీసుకుని, మారు మాట్లాడకుండా పైపు పీకుతాడు.