పోచంపాడ్ నీళ్ళ మీద తొమ్మిది ఇళ్ళు

పోచంపాడ్ జలాశయంలో నీళ్ళు పెరిగి ఒడ్డు మీది గుడిసెలు మునిగాక, మా చెల్లెలు భూదేవి కుటుంబంతో కలిపి చేపలు పట్టే తొమ్మిది కుటుంబాలు నీళ్ళ మీదే ఇళ్ళు కట్టుకున్నాయి. ఖాళీ తారు పీపాల మీద దుంగలు పరిచి, వాటిపైన తడికల గుడిసె. పోయిన వారం భూదేవి ఉత్తరం రాయించింది. శుక్రవారం ప్రాజెక్టు ఓవర్సీయరు వస్తాడట. రేవు, ఇళ్ళు గట్టిగా ఉంటేనే ఉండనిస్తాడట. పాడైన ఇంటికి కట్టిన తాళ్ళు కోయించి, మనుషుల్ని ఒడ్డుకు పంపేస్తాడట. ఆమె ఇంటికే ఒక మూల పీపా చిల్లుపడి ఉంది. "నువ్వు పోయి ఏం జేస్తవ్?" అన్నారు మావారు. "ఇల్లు చూసుకునుడు నాకు రాదా? నీళ్ళ మీదున్నా ఇల్లే గద" అని గురువారం బయలుదేరాను.

బోధన్‌లో ఆరు గంటల బస్సు ఎక్కితే ఏడింటికి నిజామాబాద్. టికెట్టు రూపాయి నలభై పైసలు. చెరకు బళ్ళు రోడ్డు నిండా ఉండే రోజుల్లో మరో అరగంట కలుపుకోండి. అక్కడ నిర్మల్ బస్సు పట్టుకుంటే, ఆర్మూర్ మీదుగా పోచంపాడ్ అడ్డరోడ్డుకు రెండు రూపాయల ముప్పై పైసలు. నా ఒళ్ళో తారు డబ్బా, కొబ్బరితాడు చుట్ట చూసి కండక్టరు ముక్కు మూసుకున్నాడు. "ఏందమ్మా, సుట్టాలింటికి గిదా పట్టుకపోయేది?" "మా చెల్లెలికి గిదే సారె" అన్నాను. బస్సంతా నవ్వింది. అడ్డరోడ్డు దగ్గర దిగి గంటసేపు నడిస్తే నీటి అంచు వస్తుంది.

రేవు అంటే బురదలో కూరుకుపోయిన నాలుగు రాళ్ళు, ఇళ్ళ మీదికి ఎక్కడానికి ఒక చెక్క పలక. ఆ పూటంతా ఆడవాళ్ళం వరుసగా నిలబడి రాళ్ళు అందించుకుని మెట్లు పేర్చాం. ఇళ్ళు ఒకదానికొకటి ఒరుసుకోకుండా మధ్యలో పాత సైకిల్ టైర్లు కట్టాం. చివికిన తాళ్ళు మార్చాం. సాయంత్రానికి ఎనిమిది ఇళ్ళ పని అయిపోయింది.

శుక్రవారం పొద్దున మిగిలింది భూదేవి ఇల్లే. బరువు తగ్గిద్దామని నేను బియ్యం సంచి, రోలు, ట్రంకు పెట్టె ఒడ్డుకు చేర్పించడం మొదలుపెట్టాను. వయసులో అందరికంటే పెద్దదైన రాజవ్వ నన్ను చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఓ బోధన్ బిడ్డా, ఇల్లు ఖాళీ జేస్తున్నవా? గా సారు పని నువ్వే జేసి పెడుతున్నవ్ గద! బరువు ఇటు మూలకుంటెనే అటు మూల లేస్తది." సిగ్గుపడి అన్నీ మళ్ళీ మోసుకొచ్చాను. రోలు, సంచి, పెట్టె ఒక మూల పెట్టి, వాటి చుట్టూ పన్నెండు మందిమి కూర్చున్నాం. ఎదురు మూల నీళ్ళలోంచి పైకి లేచింది. భూదేవి పెనిమిటి, మా మరిది సాయిలు మెడలోతు నీళ్ళలో దాని కిందికి పోయి, చిల్లు పీపా తాళ్ళు విప్పి బయటికి తోశాడు. దాని చోటులోకి, నేను తెచ్చిన తారు పూసి ఉంచిన కొత్త పీపా నెట్టడం మొదలుపెట్టాడు.

సరిగ్గా అప్పుడే ఓవర్సీయరు వచ్చాడు. వెంట కత్తులు పట్టుకున్న ఇద్దరు కూలీలు. కొత్త మెట్లు చూశాడు, ఎనిమిది ఇళ్ళూ చూశాడు. "ఇవి ఉండనీ. ఆ వంకరది మాత్రం తీసేయాలి. అందరూ దిగండి" అన్నాడు.

ఎవరూ కదల్లేదు.

"దిగమంటే వినబడటం లేదా?"

"ఇనబడ్తుంది సారూ" అంది భూదేవి. "మేం లేస్తె గా మూల నా పెనిమిటి నెత్తి మీద పడ్తది. దిగం."

కింది నుంచి సాయిలు కేక వేశాడు. "రెండు వేళ్ళంత తక్కువున్నది! పీపా పోతలేదు! ఇంకా బరువెయ్యుండ్రి!"

నేను కూలీల వైపు తిరిగాను. "అన్నా, చూస్తరేంది? కత్తులు గక్కడ పెట్టి వచ్చి కూసోండ్రి." వాళ్ళు ఓవర్సీయరు మొహం చూశారు, నీళ్ళ వైపు చూశారు. కత్తులు మెట్ల మీద పెట్టి వచ్చి మా మధ్య కూర్చున్నారు. "సారును గూడ రమ్మనుండ్రి, గా పొట్టకు రెండు మూలలు లేస్తయ్" అని రాజవ్వ గొణిగింది. కూలీలకే ముందు నవ్వొచ్చింది. మూల లేచింది, కొత్త పీపా లోపలికి జారింది. సాయిలు తాళ్ళు బిగించి, వణుకుతూ పైకొచ్చాడు. అప్పుడు గానీ మేం లేవలేదు.

ఓవర్సీయరు ఇల్లెక్కి ఆ మూలన కాలితో గట్టిగా తొక్కి చూశాడు. ఇల్లు కుంగలేదు. కాగితం మీద తొమ్మిదో ఇల్లు కూడా రాసుకున్నాడు. రాసుకుంటూనే, "వానలొస్తే నీళ్ళు పెరుగుతాయి. అప్పుడేం చేస్తారు?" అన్నాడు.

"నీళ్ళతోని మా ఇల్లు గూడ లేస్తది సారూ" అంది భూదేవి. "మీ ఆఫీసు లేస్తదా?"

నీళ్ళ మీద తేలేది ఇల్లెట్లా అవుతుందని బోధన్‌లో నన్ను చాలామంది అడిగారు. మేముండేది ఫ్యాక్టరీ క్వార్టరు. గోడలు ఇటుకవే, కానీ ఖాళీ చేయమని ఒక్క కాగితం వస్తే సామాను సర్దుకోవలసిందే. మా వరుసలో ఏ ఇంటికి అలాంటి కాగితం వచ్చినా తలుపులు దగ్గరేసుకున్నామే తప్ప, వెళ్ళి పక్కన కూర్చున్నది లేదు. అక్కడ మాత్రం ఒక్క ఇంటి కోసం తొమ్మిది ఇళ్ళవాళ్ళూ కదలకుండా కూర్చున్నారు. ఏది ఇల్లో, ఏది కాదో ఇక నాకెవరూ చెప్పనక్కర్లేదు.

మీరు వెళితే ఒక్క మాట గుర్తుంచుకోండి. పలక మీద నుంచి అడుగు ఇంటి అంచున వేయకండి, నడిమధ్యలో వేయండి. తిరుగు ప్రయాణానికి ఆఖరి బస్సు దొరకాలంటే నాలుగింటికల్లా అడ్డరోడ్డు మీద ఉండండి.