కళ్ళు పెట్టని గోడ

పట్టణ సుందరీకరణ కమిటీలో నన్ను వేసుకున్నది నా మీద గౌరవంతో కాదు. కమిటీలో కళ తెలిసినవాడు ఒకడుండాలని పైనుంచి వచ్చిన కాగితంలో రాసి ఉంది. హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టరుగా పిల్లల చేత కూజా, మామిడికాయ, జాతీయ జెండా తప్ప ఇంకేమీ గీయించని నేను వాళ్ళ కంటికి కళ తెలిసినవాడిగా ఆనాను. నేనూ కాదనలేదు. రిటైరైన మనిషికి నెలకొకసారి ఇస్త్రీ చొక్కా వేసుకుని పోవడానికి ఒక చోటు దొరికితే ఎందుకు కాదంటాడు?

ఆదోనిలోనూ ఎమ్మిగనూరులోనూ నాకు చుట్టాలున్నారు. ఇది ఏ ఊళ్ళో జరిగిందో చెప్పను. చెబితే ఆ ఊరివాళ్ళు నాతో మాట్లాడటం మానేస్తారు, ఇంకో ఊరివాళ్ళు నవ్వుతారు. పత్తి బండ్లు వచ్చే ఊరు, అంతవరకు చాలు.

బొమ్మ ఎక్కడ వేయాలో మా కమిటీ ఎలా తేల్చేదో చెబితే మీరు నమ్మరు. శానిటరీ ఇన్స్‌పెక్టరు ఒక జాబితా తెచ్చేవాడు. ఊళ్ళో మగవాళ్ళు ఏ గోడలకు ఎదురుగా నిలబడి పని కానిస్తారో ఆ గోడల జాబితా అది. అందులో ఎక్కువ కంపు కొట్టే గోడకు మొదటి బొమ్మ. ఏ బొమ్మ అనేది తరువాతి మాట. ఒకాయన దేవుళ్ళన్నాడు, ఒకాయన స్వాతంత్ర్య యోధులన్నాడు. ఇంజనీరు మాత్రం తన ఫోనులో బిందె ఎత్తుకున్న పల్లెపడుచు బొమ్మ చూపించి, హైదరాబాదు కంపెనీ ఒకటి రెండు రోజుల్లో అతికించి పోతుందన్నాడు. ఆ పడుచును నేను అప్పటికే నాలుగు బస్టాండుల్లో చూశాను. నాకు ఒళ్ళు మండింది.

మార్కెట్ యార్డు ముందు గోడ మాకు దొరికిన గోడలన్నిటిలో పెద్దది. బస్టాండు నుంచి వచ్చే ప్రతివాడూ దాన్ని దాటాలి. దాని మీద జిన్నింగు మిల్లులో పత్తి ఏరే ఆడవాళ్ళను వేయిద్దామని నేనన్నాను. ఈ ఊరు వాళ్ళ చేతుల మీద బతికింది, వాళ్ళ బొమ్మ ఎక్కడా లేదన్నాను. వేయడానికి మన ఊళ్ళోనే పెయింటరున్నాడు అన్నాను. మూడు మీటింగులు కొట్లాడాను. చివరికి నా గొంతు భరించలేక ఒప్పుకున్నారు. ఆ గోడ బాధ్యత కూడా నా మీదే వేశారు. నా బతుకులో నేను గట్టిగా చేసిన మంచిపని అదొక్కటే, దాన్ని కూడా నేనే పాడు చేశాను.

ఆ పెయింటరు నాకంటే ఐదారేళ్ళు పెద్ద. నేను భాయ్ అనేవాణ్ణి, ఆయన నన్ను సార్ అనేవాడు. చిన్నతనంలో సినిమా హాళ్ళ ముందు కట్టే పెద్ద బ్యానర్లు వేసే ఉస్తాదు దగ్గర పని నేర్చుకున్నాడు. తరువాత ఊళ్ళో సగం అంగళ్ళ బోర్డులు ఆయన చేతివే. ఫ్లెక్సీ వచ్చాక ఆ పని పోయింది. నీళ్ళ ట్యాంకర్ల మీద నంబర్లు రాసుకుంటూ, ఆటోల వెనక పేర్లు రాసుకుంటూ కాలం గడుపుతున్నాడు. ఆర్డరు కాగితం చేతికిచ్చినప్పుడు దాన్ని చదవలేదు, మడిచి జేబులో పెట్టుకుని గోడ ఎంత ఎత్తు అని అడిగాడు.

రోజూ సాయంత్రం నేను పోయి ఎదురుగా టీ అంగడి బల్ల మీద కూర్చునేవాణ్ణి. ఆయన ఒక్కడే చెక్క స్టూలు ఎక్కి దిగుతూ పని చేసుకునేవాడు. గోడకు పనికిరాదని ఇంజనీరు అంటున్నా వినకుండా బోర్డులకు వాడే ఎనామిల్ రంగే వాడాడు. బొమ్మలో ఏడుగురు ఆడవాళ్ళు వరసగా కూర్చుని పత్తిలో చెత్త ఏరుతున్నారు. ఎడమ నుంచి మూడో ఆమె తలకు తువ్వాలు చుట్టుకుని, ఒళ్ళో పత్తి పెట్టుకుని, ఏరడం ఆపి ఎదురుగా చూస్తోంది. ఆ ముఖం మీద ఆయన మిగతా ఆరుగురికి కలిపి పట్టినంత కాలం గడిపాడు.

"ఎవరు భాయ్ ఆమె?" అని అడిగాను.

"మా ఇంటామె సార్" అన్నాడు. "ఆ మిల్లులోనే ఏరుతాండె. పత్తి దుమ్ము పట్టుకోని దగ్గి దగ్గి పోయింది. ఒక్క ఫోటో ల్యాదు సార్. ఆధార్ కార్డులో ఉండాది గానీ, ఆ మొగము సూస్తే నేనే భయపడతాను."

నేను నవ్వాను. ఆయనా నవ్వాడు. తరువాత ఇద్దరం టీ తాగాము.

ఏడు ముఖాలూ పూర్తయ్యాయి గానీ ఏ ముఖానికీ కళ్ళు లేవు. కనుబొమ్మల కింద ఒట్టి చర్మం రంగు. బ్యానర్లు వేసేవాళ్ళ పద్ధతి అది. ఉస్తాదు నేర్పింది ఆయన తప్పేవాడు కాదు.

"కండ్లు ముందే పెడితే బొమ్మ మనల్నే సూస్తా ఉంటాది సార్. సెయ్యి తడబడతాది. పనంతా అయినాక, ఆఖరి పొద్దు నమాజు సేసుకోని వచ్చి, కండ్లు పెట్టి, ఎనక్కి తిరక్కుండా పోవల్ల."

ఈ సంగతి నాకు తెలుసు. ముందే రాస్తున్నాను, తరువాత నాకు తెలియదేమో అని మీరు నా పక్షాన సర్దిచెప్పుకోకూడదు.

గోడను ప్రారంభించడానికి పెద్ద నాయకుడు వస్తున్నాడని కబురొచ్చింది. అప్పటినుంచి కమిటీకి గోడ సంగతే గుర్తులేదు, గోడ పక్కన నిలబెట్టే శిలాఫలకమే గుర్తుంది. ఎవరి పేరు ముందు, ఎవరి పేరు వెనక, ఎవరి పేరు పెద్ద అక్షరాల్లో. ఒక్క గీత గీయనివాళ్ళంతా ఆ రాతి మీదికి ఎక్కడానికి తోసుకున్నారు. పెయింటరు పేరు ఎవరూ అనలేదు. నేను కూడా అనలేదు. ఎందుకంటే రాయి చెక్కేవాడికిచ్చిన కాగితంలో నా పేరే లేదు. దాని కోసం గింజుకుంటున్నాను.

పెద్దవాళ్ళు వస్తున్నారంటే మా వైపు ఒక ఆచారముంది. వాళ్ళ కారు వచ్చే దారి పొడవునా ప్రతి గోడకూ సున్నం కొడతారు, కింద ఎర్రమన్ను పట్టీ దిద్దుతారు. ఆ దారిలో ముసలివాడు కదలకుండా కూర్చుంటే వాడికీ ఒక చెయ్యి సున్నం పడుతుంది. సున్నం పని శానిటరీ వాళ్ళది, బొమ్మల పని కమిటీది. ఒకరికొకరు చెప్పుకునే అలవాటు ఎవరికీ లేదు.

ప్రారంభానికి ముందు రోజు మధ్యాహ్నం మీటింగులో నా పేరు గురించి నేను గొంతు పెంచి ఉన్నప్పుడు ఫోను మోగింది. సున్నం పని చూసే మేస్త్రీ. ఆ వారమే వేరే వార్డు నుంచి వచ్చినవాడు.

"సార్, యార్డు గోడ కాడ ఉండాము. ఈడ సగం ఏసి ఇడిసిపెట్టిన బొమ్మలుండాయి. కండ్లు గూడా ల్యావు. సున్నం కొట్టే ఆడోళ్ళు అరిష్టమంటాండారు. ఇడిసిపెట్టల్నా, కొట్టేయల్నా?"

"సగం బొమ్మలు ఎవనికి కావాలప్పా? కొట్టేయ్!" అని ఫోను పెట్టేసి, మళ్ళీ నా పేరు దగ్గరికి వచ్చాను.

యార్డు వెనక గోడ మీద పోలియో చుక్కల నాటి పాత బొమ్మలు సగం రాలిపోయి ఉన్నాయి. నేను వాటి గురించి అనుకున్నాను. అలా అనుకున్నానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకుంటున్నాను. నిజానికి నేను ఏమీ అనుకోలేదు. మేస్త్రీ కండ్లు అన్నాడు, ఆ మాట నా చెవిలో పడింది, నా బుర్ర మాత్రం రాతి మీద ఉంది.

మరుసటి రోజు పొద్దున్నే పోయేసరికి గోడ తెల్లగా ఉంది. ఒక మూల నుంచి ఇంకో మూల దాకా మచ్చ లేదు. పెయింటరు గోడ ముందు నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో స్టూలు, ఇంకో చేతిలో చిన్న నల్ల రంగు డబ్బా, చెవి మీద సన్న బ్రష్షు. ఎంత సేపటినుంచి అలా ఉన్నాడో తెలియదు.

నన్ను చూసి స్టూలు కింద పెట్టాడు. భుజం మీది తువ్వాలు తడిపి గోడ కింది మూల రుద్దాడు. సున్నం జారి, నీలం చీర అంచు బెత్తెడు బయటపడింది. "ఎనామిల్ సార్, కడిగితే వస్తాది" అన్నాడు, గొంతులో ఆశ. మేస్త్రీ పరుగెత్తుకొచ్చాడు.

"ముట్టద్దు భాయ్! ఇంకో గంటలో పెద్దాయన వస్తాడు. గోడంతా మచ్చలు సేస్తావా? ఆర్డరు ల్యాకుండా మునిసిపాల్టీ గోడ మింద సెయ్యేస్తే కేసయితాది."

పెయింటరు ఆ మాటకు చెయ్యి తీసేశాడు. ఆయన లాంటివాడికి కేసు అనే మాట ఒక్కసారి చెబితే చాలు. నా వైపు తిరిగాడు.

"ఎవురు సెప్పినారు సార్, కొట్టమని?"

మేస్త్రీ నన్ను చూశాడు. నేను గోడను చూశాను.

"నాకు తెల్దు భాయ్" అన్నాను.

మేస్త్రీ తల దించుకున్నాడు. రేపూ ఇదే ఊళ్ళో పని చేసుకోవాల్సినవాడు, కమిటీ మెంబరు మాటకు ఎదురు చెప్పి ఏం బావుకుంటాడు?

నాయకుడు రెండు గంటలు ఆలస్యంగా వచ్చాడు. తెల్ల గోడ ముందు శిలాఫలకం తెర లాగాడు. ఊరు ఇంత శుభ్రంగా ఉండటం ఆనందంగా ఉందన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. రాతి మీద అడుగు వరసలో నా పేరు పడింది.

తరువాతి వారం పెయింటరు ఒక అర్జీ రాయించుకుని మా ఇంటికి తెచ్చాడు. గోడ కడుక్కోవడానికి అనుమతి కావాలని, అంతే. నేను సంతకం పెట్టి, మీటింగులో నేనే ఇచ్చాను. మునిసిపల్ కమిషనరు చదివి, "కడగడానికేం, కడగనిద్దాం. కానీ ముందు సున్నం ఎవరు కొట్టమన్నారో తేలాలి కదా, ఆ మనిషి తన ఆర్డరు వెనక్కి తీసుకుంటే ఇవాళే అయిపోతుంది" అన్నాడు. మంచివాడు.

"ఇప్పుడు అదంతా తవ్వడం ఎందుకు సార్, వచ్చే మీటింగులో చూద్దాం" అన్నది నేనే.

వచ్చే మీటింగులో దానికంటే ముందు వీధి దీపాల సంగతి వచ్చింది. ఆ తరువాతి దానిలో ఇంకేదో వచ్చింది. కమిషనరుకు బదిలీ అయింది. కొత్తాయన కమిటీని పిలవలేదు. అర్జీ ఏ బీరువాలో ఉందో నాకు తెలుసు, ఒక్కసారి కూడా పోయి అడగలేదు. పెయింటరు మాత్రం కనపడినప్పుడల్లా, "మీరొక్కరే సార్ నా తరఫున మాట్లాడింది" అనేవాడు. ఆ మాట వినలేక నేను యార్డు దారి మానేసి, రైలు గేటు చుట్టూ తిరిగి కూరగాయలకు పోవడం మొదలుపెట్టాను. రెండేళ్ళు అలా తిరిగాను.

మూడో ఏడు వానలు బాగా పడ్డాయి. మా వైపు వాన పడటమే వింత, ఆ ఏడు నాలుగు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసింది. ఎనామిల్ మీద సున్నానికి పట్టు ఉండదు. ఎవరి ఆర్డరూ లేకుండానే జారిపోయింది.

వాన వెలిసిన పొద్దున పెయింటరు మా ఇంటి ముందు నిలబడ్డాడు. చేతిలో అదే స్టూలు. మనిషి సగమయ్యాడు. ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"బయటికి వచ్చినారు సార్, ఏడుగురూ. రండి. ఇప్పుడు కమిటీనే ల్యాదు కదా, ఎవుర్ని అడగల్ల?"

పోయాము. సున్నం చారలు అక్కడక్కడా మిగిలాయి గానీ, రంగులు అలాగే ఉన్నాయి. మూడో ఆమె తువ్వాలు, ఒళ్ళో పత్తి, కనుబొమ్మల కింద ఒట్టి చర్మం. ఆయన డబ్బా మూత తీసి, బ్రష్షు ముంచి, నా ముందు చెయ్యి చాపాడు. చెయ్యి వణుకుతోంది. ఆపాలని ఇంకో చేత్తో పట్టుకున్నాడు. అదీ వణుకుతోంది.

"పోయినేడు నుంచి ఇట్లే సార్. నంబర్లు గూడా రాయల్యాను. మీరు డ్రాయింగ్ సారు కదా, మీరు పెట్టండి. నేను సెప్తాను. ఎడమ కన్ను రవ్వంత సిన్నది. పూర్తిగా తెరవగూడదు, ఏదో అడగబోయినట్ల ఉండల్ల."

నేను స్టూలు ఎక్కాను. ఆమె ముఖం నా ముఖానికి సరిగ్గా ఎదురుగా వచ్చింది. బ్రష్షు ఎత్తాను. కింద ఆయన రెండు చేతులతో స్టూలును కదలకుండా పట్టుకుని ఉన్నాడు, నేను పడిపోతానేమో అని. నేను పెట్టలేకపోయాను. పెట్టి ఊరుకుంటే ఆయనకు సంతోషం, నాకు విముక్తి, అంతటితో పోయేది. అయినా నోరు ఆగలేదు.

"భాయ్, సున్నం కొట్టమన్నది నేనే. మేస్త్రీ ఫోన్ చేసి అడిగినాడు. కొట్టేయమన్నాను."

టీ అంగడిలో గ్లాసులు కడుగుతున్నారు.

"ఆ పొద్దు మిమ్మల్ని అడిగితిని కదా సార్."

"అడిగినావు."

"ఆ పొద్దే సెప్పింటే, ఆ వారమే కడుక్కుంటాంటిని" అన్నాడు. గొంతు పెంచలేదు. "అప్పుడు నా సెయ్యి బాగుండె."

పైకి చెయ్యి చాపి నా వేళ్ళ మధ్య నుంచి బ్రష్షు తీసుకున్నాడు. సీసాలోని టర్పెంటైనులో దాన్ని కడిగాడు. తువ్వాలు అంచుతో తుడిచి, వెంట్రుకలు కొసదాకా సాపు చేసి, చెవి మీద పెట్టుకున్నాడు. వణుకుతున్న చేతులతో డబ్బా మూత వేయడానికి చాలాసేపు పట్టింది. సాయం చేయబోయి ఆగిపోయాను.

"దిగండి సార్" అన్నాడు. "స్టూలు తీస్కపోవల్ల."

నేను దిగాను.